నోరు తెరిపించిన మామ్మ

ఇవాళ పొద్దున్న మా అమ్మాయి నీలాకి మొదటి పాలపన్ను ఊడింది. కింది వరుసలో ముందరిది. నాలుగు రోజులుగా దాన్ని నాలుకతో ఆడిస్తూనే ఉంది, అన్నంతో పాటు కడుపులోకి పోతుందేమోనని నేను భయపడుతూనే ఉన్నాను. ముందర తనే రెండు తోములు తోముకుంటానంది, బ్రష్షుతో పాటే వచ్చేసింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని, నోటి నిండా నురగతో, "మామ్మకి సూపిస్తాను" అంటూ మెట్లు దిగింది. మాది మూడో అంతస్తు. రెండో అంతస్తు దాకా వెళ్ళి ఆగిపోయింది. నేను పైనుంచి చూస్తూనే ఉన్నాను. కాసేపు అక్కడే నిలబడి, పిడికిలి మూసుకుని, ఒక్కొక్క మెట్టే ఎక్కి వచ్చింది. మామ్మ పోయి మూడు నెలలయిందని దానికి తెలుసు. తెలిసినా కాళ్ళు వినవు. నాకూ పొద్దున్నే కింది గది ముందు నుంచి వెళ్తుంటే చెయ్యి నోటికి అడ్డం పోతుంది, కిళ్ళీ వాసన తగిలితే తిడుతుందని.

మామ్మ మాకు చుట్టం కాదు. బర్మాలో మేముండే అహ్లోన్ పేటలో, మా బిల్డింగు కింది గదిలో ఒక్కతీ ఉండేది. మా తాతలాగే వాళ్ళ తాత కూడా శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, ఇక్కడి బియ్యం మిల్లుల్లో బస్తాలు మోసినవాడు. అంతకు మించి ఆమె కథ నాకు తెలియదు. అడిగితే, "నా కతేటి, అందరి కతే నాదీని" అనేది. పేరు కూడా ఎవరూ పిలవగా వినలేదు. మనవాళ్ళకి మామ్మ, వీధిలోని బర్మా పిల్లలకి ఫ్వాఫ్వా. రెండిటికీ అర్థం ఒకటే.

సన్నగా, పొట్టిగా ఉండేది. లుంగీ మీద తెల్ల జాకెట్టు, ఆ జేబులో ఒక చిన్న టార్చిలైటు. నవ్వొస్తే అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేది. మాట్లాడినా పెదాలు సగమే కదిలేవి. చూసినవాళ్ళు సిగ్గరి అనుకునేవాళ్ళు. సిగ్గూ లేదు, ఏమీ లేదు. నీళ్ళ డ్రమ్ము దగ్గర ఆమె తిట్లు మొదలుపెడితే మగాళ్ళం తలొంచుకుని పక్క సందులోంచి పోయేవాళ్ళం.

లత అనే పేటలో ఒక పళ్ళ డాక్టరమ్మ దగ్గర ఇరవై ఎనిమిదేళ్ళు ఆయాగా చేసింది. డాక్టరమ్మని అందరిలాగే తనూ సయామ అనేది. ఉమ్మితొట్టి కడగడం, పనిముట్లు ఉడకబెట్టడం ఆమె పని. వాటికంటే పెద్ద పని ఇంకోటి ఉంది. పుచ్చిపోయిన పళ్ళు పీకేటప్పుడు పిల్లల కాళ్ళు కదలకుండా పట్టుకోవాలి.

"మూడేళ్ళ గుంటకి ఒకేపాలి నాలుగు పళ్ళు తీసీసినారు" అని ఒకసారి చెప్పింది. "కాళ్ళు నానట్టుకున్నాను. ఆ తన్నులు ఇంకా ఈ సేతుల్లో ఉన్నాయి నాయినా."

నాకు ఆమెతో దగ్గరితనం నా చేతకానితనం వల్ల వచ్చింది. నా భార్య బట్టల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. తెల్లారేసరికి ఫ్యాక్టరీ బస్సు వీధి చివరికి వచ్చేస్తుంది. నీలాని లేపడం, కడగడం, తినిపించడం అన్నీ నా వంతు. అప్పుడు దానికి మూడేళ్ళు. అన్నీ ఎలాగో నెట్టుకొచ్చాను కానీ పళ్ళు తోమడం దగ్గర నా పని అయిపోయేది. ఎదురుగా నిలబడి, ఒక చేత్తో గడ్డం పట్టుకుని, రెండో చేత్తో బ్రష్షు లోపలికి పొడిచేవాణ్ణి. అది కొరికేది. నేను అరిచేవాణ్ణి. ఒకరోజు చిగురు చీరుకుని రక్తం వచ్చింది. దాని ఏడుపు కింది దాకా వినబడినట్టుంది, మామ్మ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏటిరా అది? అంట్లు తోముతన్నావా, గుంట పళ్ళు తోముతన్నావా?"

నేను ఏదో అనబోయాను.

"బ్రస్సు ఇటియ్యి. పేస్టు ఎంతేసినావు, కుంకుడుకాయంతా? బియ్యపుగింజంత సాలు. ఉమ్మడం రాని వొయిసు, వేసిందంతా మింగీదే కదా అది."

నేల మీద చతికిలబడి కూర్చుంది. నీలాని వెల్లకిలా పడుకోబెట్టి, తల తన ఒళ్ళోకి తీసుకుంది. పేలు చూసేటప్పుడు కూర్చున్నట్టు. "ఇలగ పడుకోబెట్టుకోవాల. పై పళ్ళు, కింద పళ్ళు అన్నీ కనబడతాయి. ఎదర నిలబడి పొడిస్తే నీకేటి కనబడతాది, నీ సెయ్యే కనబడతాది." ఒక వేలితో పెదవి ఎత్తింది. తర్వాత నీలాతో మాట్లాడడం మొదలుపెట్టింది. ఒక్కో పన్నూ మా వీధిలో ఒక్కో ఇల్లు.

"ఇది టీకొట్టోళ్ళ ఇల్లు. గుమ్మం తుడిసీ. ఎనకాల పెరడు తుడిసీ. మీద డాబా తుడిసీ. అయిపోయింది. ఇది మీ ఇల్లు. మీ ఇంట్లో మీ నాన్న సెత్తంతా ఎక్కడిదక్కడే ఒగ్గీసినాడు సూడు."

ఏడుస్తున్న పిల్ల నవ్వింది. చిట్టచివరి దవడపన్ను దగ్గర మామ్మ చెయ్యి ఆగింది. "ఇది మూలనున్న ఇల్లు. ఇక్కడికి ఎవులూ రారు. అందుకే ముందు ఇక్కడే పాడవుతాది" అని నా వైపు చూసింది, అదేదో నా తప్పయినట్టు.

బ్రష్షు కదిలినంతసేపూ "ఆ... ఆ..." అంటూ తనూ నోరు తెరిచే ఉంచింది. పిల్లలకి ముద్ద పెట్టేటప్పుడు తల్లులు చేసేది అదే. రెండు చేతులూ పనిలో ఉన్నాయి కాబట్టి అడ్డం పెట్టుకోవడానికి చెయ్యి లేదు. అప్పుడు నేనది పట్టించుకోలేదు.

ఆ మర్నాటి నుంచి నీలా కిందికే వెళ్ళేది. అప్పటికే వీధిలో ఏడెనిమిది మంది పిల్లలు ఆమె చేతి కింద ఉన్నారు. కరెంటు ఉంటేనే మోటారు తిరుగుతుంది, మోటారు తిరిగితేనే నీళ్ళు. కాబట్టి పిల్లకొక్క స్టీలు గ్లాసు లెక్క. తడుపుకోవడానికీ, ఉమ్ముకోవడానికీ, బ్రష్షు కడుక్కోవడానికీ అన్నిటికీ అదే. "పుక్కిలించి పుక్కిలించి మందంతా కాలవలో పోసీకండి, ఉమ్మీస్తే సాలు" అనేది. అయిదేళ్ళ లోపు వాళ్ళని తను తోమేది. పైవాళ్ళు తోముకుంటే చివర్లో టార్చి వేసి చూసేది. రాత్రి అన్నం తిన్నాక ఇళ్ళ దగ్గర తోముకోవాలి, ఆ తర్వాత మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదు. ముట్టినవాళ్ళని పొద్దున్నే వాసన చూసి పట్టేసేది. "బిస్కత్తు తిన్నావు. అబద్దం ఆడితే నాలిక మీద కనబడతాది."

మెత్తని మనిషేం కాదు. నీలా తొడ మీద ఒకసారి పాశం పెట్టింది. నేను కోపగించుకుంటే, "ఇక్కడ ఏడిస్తే అక్కడ ఏడవక్కర్నేదు. నువ్వు పోయి కిళ్ళీ నవులుకో" అంది. టీకొట్టు ఆమె చంటివాడికి డబ్బాపాలలో పంచదార టీ కలిపి సీసాలో పోసి పడుకోబెట్టేది. మామ్మ వాడి నోట్లోంచి సీసా లాక్కుని కాలవలో పారబోసింది. పెద్ద గొడవయింది. ఆ తల్లి రెండు నెలలు మామ్మతో మాట్లాడలేదు. పిల్లాణ్ణి మాత్రం పంపడం మొదలుపెట్టింది.

ఇంకోటి చెప్పాలి. ఆమె దగ్గర ఒక బామ్ డబ్బా ఉండేది. మూత తీస్తే దూది మీద తొమ్మిదో పదో పాలపళ్ళు, నల్లగా, గోధుమరంగుగా, సగం కరిగిపోయి. క్లినిక్‌లో పీకినవి. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకీ ఒక్కసారి చూపించేది, రెండోసారి అడిగినా చూపించేది కాదు. నీలా భయం భయంగా, "మాట ఇనని పిల్లలవా?" అని అడిగింది.

"కాదు. మాట ఇనని అమ్మానాన్నలవి" అంది మామ్మ నన్నే చూస్తూ. తర్వాత నీలా గడ్డం పట్టుకుని, "నీ మొదటి పన్ను దానంతట అదే ఊడాల. తెల్లగా ఉండాల. ఊడినరోజు తెచ్చి నాకు సూపించాల. సూసినాకే నాను సచ్చిపోతాను" అంది. అప్పటి నుంచి నీలాకి అదొక మొక్కులాంటిది అయిపోయింది.

ఇన్ని చెప్పే మనిషి మధ్యాహ్నం అయ్యేసరికి తన గది వెనక, గోడ వైపు తిరిగి కూర్చుని అడ్డచుట్ట తాగేది. నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని తాగడం. మా వైపు ఆడవాళ్ళ పాత అలవాటు, సముద్రం దాటినా వదల్లేదు. గాలికి ఆరిపోకుండా అని కొందరంటారు, మగాళ్ళకి నిప్పు కనబడకుండా అని కొందరంటారు. ఏదైతేనేం, తాగుతున్న ఆడమనిషి ఎదురైతే మగవాడు తల తిప్పుకుని పోవాలి. అది మర్యాద. మా నానమ్మా తాగేది. అంగిలి పొయ్యి మీది కప్పులా నల్లగా ఉండేది. ముసలమ్మల నోళ్ళు అలాగే ఉంటాయని మాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలుసనుకున్నాం.

నా సంగతి చెప్పుకోకపోతే బాగుండదు. నా కుడిబుగ్గలో ఎప్పుడూ కున్‌యా ఉంటుంది. ఊళ్ళో సగంమంది మగాళ్ళ బుగ్గల్లో ఉండే కిళ్ళీయే అది. మా ఇద్దరికీ ఈ విషయంలో రోజూ ఒకటే పేచీ.

"నువ్వు ఉమ్మీ, నాను ఆర్పీస్తాను."

"ముందు నువ్వు ఆర్పు మామ్మా."

"ముందు నువ్వు ఉమ్మీ."

మూడేళ్ళు ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె ఆర్పలేదు, నేను ఉమ్మలేదు.

కిందటి తింజాన్ నీళ్ళ పండగకి ముందు ఒకరోజు అన్నం తింటూ నీలా అంది, "నాన్నా, మామ్మ నోట్లో పైన పుండున్నాది. మద్దిన ఎర్రగా, సుట్టూ తెల్లగా."

"పెద్దవాళ్ళ నోట్లోకి చూడకూడదు. తప్పు."

"నాను సూడనేదు. ఒళ్ళో తొంగుంటే అదే కనబడతాది."

"చుట్ట తాగేవాళ్ళకి అలాగే ఉంటుంది. మా నానమ్మకీ ఉండేది. ఈ మాట ఇంకెక్కడా అనకు, మామ్మ బాధపడుతుంది."

అదీ నేను చేసింది. ఆరేళ్ళ పిల్ల, చూసినది చూసినట్టు రంగులతో సహా చెప్పింది. నేను దానికి మర్యాద నేర్పాను. అది బుద్ధిమంతురాలు, మళ్ళీ అనలేదు.

వానలు మొదలయ్యాయి. మామ్మ మొహింగాలో, అదే చేపల పులుసు సేమ్యాలో, కారం వద్దనడం మొదలుపెట్టింది. తర్వాత సేమ్యా తీసేసి వట్టి పులుసే తాగేది. తర్వాత అదీ మానేసి గంజి. గొంతు ముక్కులోంచి వచ్చేది. పిల్లలు ఆమె మాట అనుకరించి నవ్వేవాళ్ళు, నేనూ ఒకసారి నవ్వాను. ఒక పొద్దున్న టీ తాగుతుంటే నోట్లోకి పోయిన టీ ముక్కులోంచి కారింది. గబుక్కున లుంగీ అంచుతో తుడుచుకుని, నేను చూశానేమోనని చూసింది. నేను తల తిప్పుకున్నాను. మర్యాద అని చెప్పాను కదా. ఆ రోజుల్లోనే నీలా ఆమె ఒళ్ళో పడుకున్నంతసేపూ ఊపిరి బిగబట్టుకునేది. దాన్నీ చూశాను. పిల్ల ఆటలాడుతోంది అనుకున్నాను.

ఒక ఆదివారం నా భార్య కిందికి దిగి, మామ్మని చూసి, పైకి వచ్చి నా మీద పడింది. "మనిషి సగమైపోయినాది. రోజూ సూస్తూ ఏటి సేస్తన్నావు? ఇప్పుడే తీసుకెళ్ళు." మామ్మ రానంది, తిట్టింది. చివరికి "సయామని సూసి సానాళ్ళయింది కదా" అని నీలా ఆమె చెయ్యి పట్టుకుంటే లేచింది.

క్లినిక్‌లో సయామ ఆమెను చూసి నవ్వుతూ లేచి వచ్చింది. నేను విషయం చెప్పాక నవ్వు పోయింది. కుర్చీ చూపించింది. ఆ కుర్చీని ఇరవై ఎనిమిదేళ్ళు రోజూ తుడిచిన మనిషి దాని అంచున కూర్చుని, రెండు అరచేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "నా నోట్లో సయామ సెయ్యెట్టడమేటి? సీ. నానొప్పను."

సయామ బతిమాలింది, నేను బతిమాలాను. కళ్ళు మూసుకుని తల అడ్డంగా ఊపుతూనే ఉంది. అప్పుడు నీలా కుర్చీ మెట్టు ఎక్కి, మామ్మ జేబులోంచి టార్చి తీసి వెలిగించింది.

"మామ్మా, కదలకు. ఆ..."

మామ్మ కళ్ళు తెరిచి దాన్ని చూసింది. చేతులు దించింది. "ఆ" అంది.

సయామ అద్దం పెట్టి చూసింది. పళ్ళు ఒక్కటీ పుచ్చలేదని, ఈ వయసులో ఇలాంటి పళ్ళు తను చూడలేదని బర్మా భాషలో మెల్లగా అంది. అంగిలి సంగతి ఎత్తలేదు. అద్దం పక్కన పెట్టి నన్ను అడిగింది, "ఇది ఎప్పటి నుంచి?"

నాకు తెలియదు అనబోయాను.

"తింజాన్‌కి ముందు నుంచి" అంది నీలా. "అప్పుడు సిన్నగా ఉండేది, బొక్క నేదు. నాన్నకి సెప్పినాను."

సయామ నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. మామ్మ చూసింది. ఆ చూపులో కోపం ఉంటే నేను భరించేవాణ్ణే. అలాంటిదేమీ లేదు. అరచెయ్యి మళ్ళీ నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇరవై ఎనిమిదేళ్ళు నా పక్కనే నిలబడింది, ఒక్కసారి నోరు చూపించమని నేనూ అడగలేదు" అంటూ సయామ ఆమె భుజం మీద చెయ్యి వేసి ఏడ్చింది. నాకు ఏడ్చే మొహం కూడా లేదు.

పెద్దాసుపత్రిలో అంగిలికి క్యాన్సరని, చాలా ఆలస్యం అయిందని అన్నారు. ముక్కులోంచి గొట్టం పెట్టారు. మాట పోయింది. వానాకాలం ముగిసే దాకా ఉంది. నేను వెళ్తే అటు తిరిగి పడుకునేది, నీలా వెళ్తే లేచి కూర్చునేది. ఎండిపోయిన వేలితో తన పెదవి ఎత్తి చూపించేది, అంటే నీ పళ్ళు చూపించు అని. నీలా చూపించేది. మామ్మ వేలితో ఒక్కో పన్నూ తడుముతూ పోయేది, టీకొట్టు, మా ఇల్లు, మూలనున్న ఇల్లు. ఆఖరిసారి కింది ముందరి పన్ను దగ్గర వేలు ఆగింది. మళ్ళీ నొక్కి చూసింది. కాస్త కదులుతోంది. కనుబొమలు పైకెత్తి నీలాని చూసింది, చెయ్యి అడ్డం పెట్టుకోవడం మర్చిపోయి నవ్వింది. మూడో రోజు పోయింది.

బామ్ డబ్బాని అస్థికలతో పాటు అవతలి ఒడ్డున ఉన్న దలాకి వెళ్ళే పడవ మీంచి నదిలో వేశాను. టార్చి మాత్రం నీలా ఇవ్వనంది. దిండు కింద పెట్టుకుని పడుకుంటుంది.

ఇవాళ ఊడిన పన్ను బియ్యపుగింజ కంటే కాస్త పెద్దది, తెల్లగా ఉంది, ఎక్కడా మచ్చ లేదు. పాలపన్ను ఇంటి కప్పు మీద వేయాలంటారు కదా అన్నాను. వద్దని అగ్గిపెట్టెలో పెట్టుకుంది. "తోమడం అవ్వనేదు నాన్నా" అంటూ వచ్చి నా ఒళ్ళో తల పెట్టి పడుకుంది. ఇప్పుడు తోమేది నేనే. టీకొట్టు అయింది, మా ఇల్లు అయింది. తెలియకుండానే నేనూ "ఆ" అంటూ నోరు తెరుస్తాను, నాకూ అలవాటయిపోయింది. మూలనున్న ఇంటి దగ్గరికి వచ్చేసరికి నీలా నా చెయ్యి పట్టుకుని ఆపింది. కింది నుంచి నా నోట్లోకే చూస్తోంది.

"నాన్నా."

"ఏటి?"

"సెప్పమంటావా, వొద్దా?"

బ్రష్షు గ్లాసులో పెట్టాను. చెప్పమన్నాను.

"బుగ్గకి లోపల తెల్లగా ఉన్నాది. కిళ్ళీ ఎట్టుకునే పక్క."

నాలుకతో తడిమాను. అక్కడ గరుకుగా ఉంటుందని చాలా నెలలుగా నాకు తెలుసు. కిళ్ళీ సున్నానికి పొక్కిందిలే అనుకుంటూ వచ్చాను. నోరు మూసుకుందామనిపించింది. ఆ కుర్చీ అంచున మామ్మ ఎందుకలా కూర్చుందో అప్పుడు నాకు తెలిసింది. భయం, వట్టి భయం.

"టార్చి తీసుకురా. సరిగ్గా చూసి చెప్పు, సయామ దగ్గరికి వెళ్దాం" అన్నాను.

పరుగెత్తుకెళ్ళి తెచ్చింది. నేల మీద చతికిలబడి, చిన్న ఒడి మీద చేత్తో కొట్టి చూపించింది. నేను వెల్లకిలా పడుకుని దాని ఒళ్ళో తల పెట్టాను. ఒక వేలితో నా పెదవి ఎత్తి, టార్చి వెలిగించింది.

"కదలకు నాన్నా. ఆ..."

నేను నోరు తెరిచాను.